మరో భూమి దొరికిందంటే ముందు దాని సూర్యుడికి లాగ్ షీట్ రాయండి

ముప్ఫై ఒక్క ఏళ్లు 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో షిఫ్ట్ ఆపరేటరుగా పనిచేశాను. గంటకోసారి ప్యానెళ్ల ముందు నిలబడి ఓల్టేజి ఎంత, ఏ ఫీడరు, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను, ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, ట్రాన్స్‌ఫార్మరు నూనె ఎంత వేడెక్కింది అని చూసి లాగ్ షీట్‌లో రాయడం, ఫీడరు ట్రిప్పయితే లైన్‌మన్‌కు ఫోను చేయడం. ఇంతే ఉద్యోగం. రాత్రి రెండు గంటల రీడింగుకూ మూడు గంటల రీడింగుకూ నడుమ చేయడానికి ఏమీ ఉండదు. యార్డు వెనక బాపట్ల పొలాలు, పొలాల మీద ఆకాశం. నిద్ర ఆపుకోవడానికి నక్షత్రాలు చూడడం మొదలుపెట్టినవాణ్ని, రిటైరయ్యాక నిద్ర మానుకుని మరీ చూస్తున్నాను.

2017 ఫిబ్రవరిలో ఒక ఉదయం మా లైన్‌మన్ పేపరు పట్టుకొని వచ్చాడు. "ఒకే నక్షత్రం చుట్టూ ఏడు భూములు దొరికాయట సార్. మనుషులు ఉంటారంటారా?" నేను అలవాటు కొద్దీ "సప్లై ఎక్కడి నుంచి?" అన్నాను. అతను నవ్వాడు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదని ఎవరైనా ఫోను చేస్తే ఫ్యాను రెక్కల పొడవు అడగం. కరెంటు వస్తోందా, ఓల్టేజి సరిపోతోందా, మిణుకుతోందా అని అడుగుతాం. గ్రహం విషయంలోనూ అంతే. వార్తల్లో గ్రహం సైజు ఉంటుంది, బరువు ఉంటుంది, నీరు ఉండే అవకాశం ఉందన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దానికి వేడినీ వెలుగునూ పంపే నక్షత్రం గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప. అందుకే అలాంటి వార్త కనిపించినప్పుడల్లా ఒక తెల్లకాగితం తీసుకొని ఆ నక్షత్రానికి లాగ్ షీట్ గీస్తాను. మీరూ గీయవచ్చు. పదో తరగతి లెక్కలు, ఫోనులో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు.

అంకెలు తెచ్చుకోవడం

నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్ అని ఒక జాబితా ఉంది. ఇంటర్నెట్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య అందులో 2025 సెప్టెంబరులో 6,000 దాటింది. గ్రహం పేరు కొడితే పేజీ తెరుచుకుంటుంది, నక్షత్రానికి విడిగా ఒక పట్టిక ఉంటుంది. అందులోంచి కాగితం మీదికి ఎక్కించుకోవలసినవి: ద్రవ్యరాశి, ప్రకాశం, ఉపరితల ఉష్ణోగ్రత, వయసు, లోహాల పాలు (హైడ్రోజన్, హీలియం తప్ప మిగిలిన మూలకాలన్నిటినీ ఇక్కడ లోహాలే అంటారు), తోడుగా ఇంకో నక్షత్రం ఉందా లేదా. గ్రహం పట్టికలోంచి ఒక్క అంకె చాలు, అది తన నక్షత్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి పట్టే రోజులు.

ఇక్కడ నేను పడ్డ గుంటలో మీరు పడకండి. మా లైన్‌మన్ చెప్పిన ఆ ఏడు గ్రహాల నక్షత్రం పేరు ట్రాపిస్ట్-1. మొదటిసారి దాని ప్రకాశం గడిలో మైనస్ 3.26 అని కనిపించింది. వెలుగుకు మైనస్ ఏమిటి, ఎవరో తప్పు ఎక్కించారు అనుకొని రెండు రోజులు ఆ గడి వదిలేశాను. అది లాగరిథమ్. కాలిక్యులేటర్లో పది ఘాతం మీట నొక్కి మైనస్ 3.26 ఇస్తే 0.00055 వస్తుంది. అంటే మన సూర్యుడి వెలుగులో దాదాపు 1,800వ వంతు. సున్నా అని ఉంటే సూర్యుడితో సమానం, ప్లస్ ఒకటి అంటే పది రెట్లు. లోహాల గడి కూడా ఇదే పద్ధతి. ఒకే నక్షత్రానికి వేర్వేరు బృందాలు ఇచ్చిన అంకెలు పక్కపక్కన ఉంటాయి, అవి కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. రెండు మీటర్లు ఒకే రీడింగు చూపించిన రోజు నా సర్వీసులో కూడా తక్కువే. ఎక్కువ తేడా ఉంటే రెండూ రాసుకొని లెక్క రెండుసార్లు చేయండి.

గ్రహానికి అందే వేడి

దూరం తెలియాలంటే కెప్లర్ సూత్రం ఉంది. చుట్టి వచ్చే కాలాన్ని ఏళ్లలోకి మార్చి, వర్గం చేసి, నక్షత్రం ద్రవ్యరాశితో గుణించి, ఘనమూలం తీస్తే దూరం వస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దాదాపు 15 కోట్ల కిలోమీటర్లను ఒకటి అనుకుంటే వచ్చే దూరం అది.

ట్రాపిస్ట్ కుటుంబంలో 'ఇ' అనే గ్రహం అందరికీ ఇష్టం, దాన్నే తీసుకుందాం. చుట్టు తిరగడానికి 6.1 రోజులు. 365.25తో భాగిస్తే 0.0167 సంవత్సరం. వర్గం 0.000279. నక్షత్రం ద్రవ్యరాశి సూర్యుడిలో 0.09, గుణిస్తే 0.0000251. ఘనమూలం 0.0293. అంటే 44 లక్షల కిలోమీటర్లు. మన బుధుడే సూర్యుడికి దాదాపు 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అతని దూరంలో పదమూడో వంతు ఇది. మాడి మసైపోవాలి కదా? ఇప్పుడు ప్రకాశాన్ని దూరం వర్గంతో భాగించండి. 0.00055ను 0.000858తో భాగిస్తే 0.64. భూమికి అందే వేడిలో నూటికి 64 పాళ్లు. మాడదు సరికదా, శాలువా కావాలి. దూరం ఒక్కటే చూసి గ్రహం వేడిదా చల్లదా అని చెప్పేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మరు కెపాసిటీ చూడకుండా ఇల్లు ఎంత దగ్గరుందో చూసి ఓల్టేజి చెప్పేవాళ్లలాంటివారు.

ఈ 0.64 మంచి రీడింగేనా? నేల మీద నీరు ద్రవంగా నిలవడానికి వీలున్న హద్దులకు రవికుమార్ కొప్పరపు అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2013, 2014 సంవత్సరాల్లో వేసిన లెక్కలు ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. ఆ ఇంటిపేరు చూడగానే తెలుగువాడిగా నాకు కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకుంటాను. సూర్యుడిలాంటి నక్షత్రానికైతే భూమికి అందేదానిలో 1.1 రెట్లు పై హద్దు. అది దాటితే సముద్రాలు ఆవిరై, ఆ ఆవిరే దుప్పటిలా వేడిని పట్టి ఉంచి, ఇంకా ఆవిరి పుట్టించి, చివరికి ఏమీ మిగలదు. కింది హద్దు 0.35 ప్రాంతం. అంతకు తగ్గితే ఎంత బొగ్గుపులుసు వాయువు పరిచినా గడ్డ కట్టడం ఆగదు. శుక్రుడికి 1.9, అంగారకుడికి 0.43. చల్లని ఎర్ర నక్షత్రాలకు ఈ హద్దులు 0.9 నుంచి 0.25 దాకా జరుగుతాయి, కారణం తర్వాత చెబుతాను. మొత్తానికి ట్రాపిస్ట్ 'ఇ' హద్దుల్లోనే ఉంది.

ఇంతవరకు చేసి "నివాసయోగ్య మండలం" అని రాసేసి పెన్ను మూయకండి. ఈ లెక్క ప్రకారం మన చంద్రుడు కూడా నివాసయోగ్య మండలంలోనే ఉన్నాడు, మనకు అందినంత ఎండే అతనికీ అందుతోంది. ఆ మండలంలో ఉండడం అంటే ఊళ్లో స్తంభం పాతారని మాత్రమే. తీగ లాగారా, మీటరు పెట్టారా అన్నది వేరే సంగతి.

డీజిలు ఎన్నాళ్లు వస్తుంది

తర్వాతి గడి ఆయుష్షు. జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుందని అడిగితే ట్యాంకులో ఎంత ఉంది, గంటకు ఎంత తాగుతుంది అని చూస్తాం. నక్షత్రానికీ ద్రవ్యరాశిని ప్రకాశంతో భాగించి 1,000 కోట్ల ఏళ్లతో గుణిస్తే మోటు లెక్క వస్తుంది. సూర్యుడికి 1,000 కోట్లు, అందులో 460 కోట్లు అయిపోయాయి.

లుబ్ధకుణ్ని చూడండి, శీతకాలంలో ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా మండే నక్షత్రం. ట్యాంకు సూర్యుడికి రెట్టింపు, తాగేది 25 రెట్లు. రెండును ఇరవై అయిదుతో భాగిస్తే ఆయుష్షు 80 కోట్ల ఏళ్లు. ఇది మోటు లెక్క, వంద కోట్లు అనుకున్నా పరవాలేదు. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరడానికే భూమి పుట్టాక 200 కోట్ల ఏళ్లు పట్టింది. లుబ్ధకుడి వెలుగుకు తగిన దూరం అయిదు రెట్లు, అంటే మన గురుడు ఉన్నచోట. అక్కడ ఒక భూమి ఉందనుకున్నా, పాచి పట్టేలోపు దీపం ఆరిపోతుంది. ఆరుద్ర కార్తెకు పేరిచ్చిన ఆర్ద్రా నక్షత్రం మరీ అన్యాయం. పుట్టి కోటి ఏళ్లు అయిందో లేదో అప్పుడే మహా రాక్షసిలా ఉబ్బి చివరి రోజుల్లో ఉంది.

రోహిణి దగ్గర కాసేపు ఆగుదాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పద్నాలుగు రోజుల్లో ఫీడర్ల లోడు చూసినవాడికి సామెత విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఎండలకూ ఆ నక్షత్రానికీ సంబంధం లేదు, సూర్యుడు ఆకాశంలో ఆ దిక్కుకు వచ్చే రోజులని మాత్రమే. కానీ రోహిణి చుట్టూ ఉన్నవాళ్లకు మాత్రం సామెత అక్షరాలా వర్తిస్తుంది. అది 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆల్డెబరాన్. ద్రవ్యరాశి సూర్యుడి కంటే కాస్తే ఎక్కువ, ఒకప్పుడు ఇంచుమించు సూర్యుడిలాగే ఉండేది. గర్భంలో హైడ్రోజన్ అయిపోయాక ఉబ్బింది. ఇప్పుడు వ్యాసం సూర్యుడికి 44 రెట్లు, వెలుగు 400 రెట్ల పైన. 400కు వర్గమూలం 20. అంటే ఇప్పుడు దాని నివాసయోగ్య దూరం మన యురేనస్ అవతలికి జరిగింది. భూమి ఉండే దూరంలో ఏదైనా గ్రహం ఉండి ఉంటే రోళ్లు పగలడం అటుంచి, కరిగిపోయి ఉంటాయి. మన సూర్యుడూ దాదాపు 500 కోట్ల ఏళ్లకు ఆ దారినే పోతాడు.

అంతదాకా కూడా సప్లై స్థిరంగా ఉండదు. సూర్యుడు పుట్టినప్పుడు ఇప్పటి వెలుగులో 70 శాతమే ఇచ్చేవాడు. ప్రతి వంద కోట్ల ఏళ్లకు ఇంచుమించు పది శాతం పెరుగుతున్నాడు. పై హద్దు 1.1 అన్నాం గుర్తుందా? మరో వంద కోట్ల ఏళ్లలో మనం ఆ గీత దగ్గరికి వస్తాం. అందుకే వయసు గడి ముఖ్యం. ఇవాళ రీడింగు బాగుందంటే నిన్న కూడా బాగున్నట్టు కాదు. తీరా చూస్తే పట్టికలో ఎక్కువసార్లు ఖాళీగా ఉండేదీ వయసు గడే. ఒంటరి నక్షత్రం వయసు కట్టడం కష్టం. ఎంత నెమ్మదిగా తన చుట్టూ తాను తిరిగితే అంత ముసలిది అన్నది ఒక ఉజ్జాయింపు. అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత ఉందో కూడా రాసుకోండి. ట్రాపిస్ట్‌కు 760 కోట్లు, అటూ ఇటూ 220 కోట్లు.

ఇక దాని ఆయుష్షు సంగతి. ట్రాపిస్ట్‌లాంటి చిన్న, చల్లని ఎర్ర నక్షత్రాలను ఎర్ర మరుగుజ్జులంటారు. అవి సన్నని వత్తి దీపాలు, పైగా లోపలి ఇంధనాన్ని కలియదిప్పుకుంటూ చివరి బొట్టు దాకా వాడుకుంటాయి. లక్షల కోట్ల ఏళ్లు వెలుగుతాయి. విశ్వం వయసే 1,380 కోట్లు. ఆయుష్షు గడిలో వాటికి నూటికి నూరు మార్కులు వేయాల్సిందే.

వెలుగు రంగు

ఉపరితల ఉష్ణోగ్రత గడిని చాలామంది వదిలేస్తారు. 2,900ను ఆ ఉష్ణోగ్రతతో భాగిస్తే వెలుగు ఎక్కువగా ఏ తరంగదైర్ఘ్యంలో వస్తుందో మైక్రాన్లలో తెలుస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సూర్యుడు 5,772 కెల్విన్, భాగిస్తే అర మైక్రాన్, కంటికి కనిపించే వెలుగు నడిబొడ్డు. ట్రాపిస్ట్ 2,570 ప్రాంతం, భాగిస్తే 1.13 మైక్రాన్లు, మన కన్ను 0.7 దగ్గరే ఆగిపోతుంది. పాత వంద వాట్ల బల్బు ఫిలమెంటు 2,700 కెల్విన్ దగ్గర వెలిగేది. ఈ నక్షత్రం దానికంటే చల్లన. ఆ బల్బు కరెంటులో తొంభై పాళ్లు వేడికే పోతుందని గోడల మీద నినాదాలు రాయించి మరీ జనం చేత మాన్పించాం. ట్రాపిస్ట్ గ్రహాలకు అదే సూర్యుడు.

హద్దులు ఎందుకు జరుగుతాయో ఇప్పుడు తెలుస్తుంది. మంచు మామూలు వెలుగును తిప్పికొడుతుంది గానీ పరారుణ కిరణాలను చాలావరకు మింగేస్తుంది. కాబట్టి ఎర్ర నక్షత్రం చుట్టూ గ్రహం అంత తేలిగ్గా గడ్డ కట్టదు, కింది హద్దు 0.25కు దిగుతుంది. నీటి ఆవిరి కూడా అదే కిరణాలను మింగి వేడెక్కుతుంది, అందుకని పై హద్దు కూడా 1.1 నుంచి 0.9కు దిగుతుంది.

సర్జ్

నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్న గడి ఇది. సగటు ఓల్టేజి ఎంత బాగున్నా, నెలకోసారి ఒక క్షణం పదింతలు వస్తే ఇంట్లో ఒక్క వస్తువు మిగలదు.

1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ మొత్తం ఒకటిన్నర నిమిషంలో కూలిపోయింది. 60 లక్షల మందికి దాదాపు తొమ్మిది గంటలు కరెంటు లేదు. పిడుగు పడలేదు, తీగ తెగలేదు. సూర్యుడి నుంచి ఎగిసిన కణాల మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపితే, నేలలో పుట్టిన కరెంటు లైన్లలోకి ఎక్కింది. మాకు ఒక శిక్షణ తరగతిలో ఇది చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. తలమీద ప్రశాంతంగా కనిపించే సూర్యుడు, 15 కోట్ల కిలోమీటర్ల నుంచి ట్రిప్ చేయగలడు!

ఇప్పుడు ప్రాక్సిమా సెంటారీ. సూర్యుడి తర్వాత మనకు అత్యంత దగ్గరి నక్షత్రం, 4.24 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ 'బి' అనే గ్రహం ఉందని 2016 ఆగస్టులో ప్రకటించారు. చుట్టు 11.2 రోజులు, నక్షత్రం ద్రవ్యరాశి 0.12, ప్రకాశం 0.0016. లెక్క మీరే చేయండి, దూరం 0.048, వేడి 0.7కు కాస్త తక్కువ వస్తే సరిగ్గా చేసినట్టే. రీడింగు చూస్తే ముచ్చటేస్తుంది. ఇక సర్జ్ గడి చూడండి. 2016 మార్చిలో ఆ నక్షత్రం మీద ఒక జ్వాల ఎగిసినప్పుడు, మామూలుగా టెలిస్కోపు ఉంటే గానీ కనిపించనిది, కొన్ని నిమిషాలు చిమ్మచీకటి ఆకాశంలో పదునైన కంటికి అందేంత దాకా వచ్చింది. 2019 మే 1న మరో జ్వాలకు అతినీలలోహిత వెలుగు సెకన్లలో 14,000 రెట్లు పెరిగింది. గ్రహం ఉన్నదేమో మనకంటే ఇరవై రెట్లు దగ్గరగా. దూరం ఇరవయ్యో వంతైతే దెబ్బ నాలుగు వందల రెట్లు. గ్రహానికి గట్టి అయస్కాంత క్షేత్రమో మందపాటి గాలో లేకపోతే, ఉన్న గాలి కూడా కొంచెం కొంచెంగా ఊడ్చుకుపోతుంది.

ఎర్ర మరుగుజ్జులకు ఇంకొక దోషం ఉంది, అది పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు. ట్రాన్స్‌ఫార్మరును చార్జ్ చేసిన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్‌రష్ అంటాం, సెకనులోపు సర్దుకుంటుంది. నక్షత్రాలకూ అలాంటిది ఉంది. పుట్టిన కొత్తలో ఉబ్బి ఉండి, కుదించుకుంటూ స్థిరపడతాయి. సూర్యుడికి ఇది కొన్ని కోట్ల ఏళ్లలో ముగిసింది. ట్రాపిస్ట్‌లాంటి బుడ్డ నక్షత్రానికి వంద కోట్ల ఏళ్ల దాకా సాగవచ్చు. అంతకాలమూ అది ఇప్పటి కంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉంటుంది. అంటే ఇవాళ సరిగ్గా నివాసయోగ్య దూరంలో ఉన్న గ్రహం తన బాల్యమంతా శుక్రుడిలా ఉడికి ఉండవచ్చు. సముద్రాలు ఉంటే అప్పుడే ఆవిరై పోయి ఉండవచ్చు. ఎర్ర మరుగుజ్జు షీట్ రాసినప్పుడల్లా అడుగున ఎర్ర ఇంకుతో ఈ మాట రాసుకోండి.

దగ్గరగా ఉండడం వల్ల వచ్చే మరో చిక్కు, చంద్రుడు మనకు ఒకే ముఖం చూపించినట్టు ఈ గ్రహాలు నక్షత్రానికి ఒకే వైపు తిప్పి ఉండే అవకాశం ఎక్కువ. ఒక వైపు ఎప్పటికీ మిట్టమధ్యాహ్నం, ఒక వైపు ఎప్పటికీ అర్ధరాత్రి, నడుమ గీతలో ఎప్పటికీ సంధ్య. ఇది మాత్రం నేను పెద్ద లోపంగా చూడను. గాలి తగినంత ఉంటే వేడిని ఆ వైపు నుంచి ఈ వైపుకు మోస్తుంది. మధ్యాహ్నం వైపు మందపాటి మేఘాలు కమ్మి గొడుగు పడతాయని కంప్యూటర్ నమూనాలు చూపించాయి. అసలు గాలి ఉందా అన్నదే ప్రశ్న. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ట్రాపిస్ట్ 'బి' గ్రహం పగటి వైపు వేడి కొలిస్తే 230 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. వేడిని పంచే గాలి లేని ఒట్టి బండకు రావలసిన అంకె అది. 'సి'కి కూడా శుక్రుడి మీద ఉన్నంత మందపాటి వాతావరణం కనిపించలేదు. ఇవి రెండూ లోపలి గ్రహాలు, 'ఇ' మీద తీర్పు చెప్పడానికి చాలవు. కానీ నా పందెం మాత్రం దాని మీద వేయను.

మరి వార్తల్లోకి ఎప్పుడూ ఎర్ర మరుగుజ్జు గ్రహాలే ఎందుకు వస్తాయి? ఒకటి, నక్షత్రాల్లో నూటికి డెబ్బై పైగా అవే. రెండు, వాటి ముందు నుంచి గ్రహం వెళితే తేలిగ్గా దొరికిపోతుంది. సూర్యుడి ముందు నుంచి భూమి వెళితే వెలుగు పదివేలలో ఒక వంతు కూడా తగ్గదు, అదీ ఏడాదికోసారి. ట్రాపిస్ట్ ముందు నుంచి అంతే గ్రహం వెళితే నూటికి అర పాలు పైగా తగ్గుతుంది, ఆరు రోజులకోసారి. ఏ ఓల్టేజి డిప్ ముందు కంట్లో పడుతుంది? మనకు దొరికినవి దొరకడానికి తేలికైనవి. బతకడానికి తేలికైనవేనని అనుకోవడమే పొరపాటు.

మిగిలిన రెండు గడులు

లోహాల గడి మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. రాతి గ్రహం కట్టడానికి ఇనుము, సిలికాన్ కావాలి, అవి నక్షత్రం పుట్టిన మేఘంలోనే ఉండాలి. సున్నా అంటే సూర్యుడంత. మైనస్ ఒకటి అంటే పదో వంతు, ఇటుకలు తక్కువ. మరీ ఎక్కువగా ఉంటే గురుడిలాంటి పెద్ద గ్రహాలు పుట్టే అవకాశం పెరుగుతుందని గమనించారు.

తోడు నక్షత్రం గడికి ఉదాహరణ చూడాలంటే సూర్యలంక తీరానికి రండి. మే నెల మధ్యలో రాత్రి పదకొండు ప్రాంతంలో దక్షిణానికి తిరిగి, చెయ్యి చాచి పిడికిలి సముద్రపు అంచు మీద ఆనించండి. పిడికిలికి కాస్త పైన మెరిసేది ఆల్ఫా సెంటారీ. కంటికి ఒకటే, నిజానికి రెండు సూర్యుళ్లు, 80 ఏళ్లకోసారి ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. దగ్గరైనప్పుడు వాటి మధ్య దూరం మన సూర్యుడికీ శనికీ మధ్య ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ. పెద్దదాని ప్రకాశం 1.5, వర్గమూలం 1.2. అంత దగ్గరి కక్ష్యలో ఉన్న గ్రహాన్ని రెండో సూర్యుడు లాగేయలేదు. మోటు సూత్రం ఇది. రెండు నక్షత్రాలు అత్యంత దగ్గరైనప్పటి దూరంలో అయిదో వంతు లోపల గ్రహం ఉంటే దిగులు లేదు. ఇక్కడ ఆ దూరం 11, అయిదో వంతు 2.2, మనకు కావలసింది 1.2. రెండు ఫీడర్లు ఉన్నంత మాత్రాన షార్ట్ సర్క్యూట్ అవ్వాలని లేదు.

నేను చివరగా రాసిన షీట్

ఇంత చెప్పాక మీ దగ్గర మంచి షీట్ ఏదని అడుగుతారు. నాకు నారింజ రంగు నక్షత్రాలన్నా, సూర్యుడి కంటే కాస్త చల్లగా ఉండే పసుపు నక్షత్రాలన్నా నమ్మకం. ఆయుష్షు సూర్యుడి కంటే ఎక్కువ, అల్లరి ఎర్రవాటి కంటే తక్కువ, గ్రహం మరీ ఒళ్లో కూర్చోనక్కర్లేదు. పైగా వాటిలో కొన్ని కంటికి కనిపిస్తాయి. ఎర్ర మరుగుజ్జు ఒక్కటి కూడా టెలిస్కోపు లేకుండా మామూలు కంటికి అందదు. ఇన్ని కోట్లు ఉండి కూడా!

డిసెంబరు మధ్యలో రాత్రి ఎనిమిదిన్నరకు డాబా ఎక్కి దక్షిణానికి తిరిగాను. నైరుతి వైపు ఎత్తుగా ఒంటరిగా మెరిసే డిఫ్డా అనే నక్షత్రం నుంచి తూర్పుగా పిడికిలిన్నర కొలిస్తే టౌ సెటి. పెద్దగా వెలగదు, వీధి లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. 11.9 కాంతి సంవత్సరాలు. కిందికి వచ్చి రాసుకున్నాను. ద్రవ్యరాశి 0.78. ప్రకాశం 0.5, తగిన దూరం 0.7, అంటే మన శుక్రుడు ఉన్నచోట. ఉష్ణోగ్రత 5,300 కెల్విన్ పైన. ఆయుష్షు 1,500 కోట్ల ఏళ్లు. వయసు సూర్యుడి కంటే ఎక్కువ. సర్జ్ గడిలో 'ప్రశాంతం'. లోహాలు మైనస్ 0.5, అంటే సూర్యుడిలో మూడో వంతు, ఇటుకలకు కొంచెం కరువే. తోడు లేదు. చుట్టూ ధూళి, రాళ్లు మాత్రం మన సౌర కుటుంబంలో కంటే పది రెట్ల పైన, తోకచుక్కలు తగిలే ఊరు. గ్రహాలు ఉన్నాయని 2012లో ఒకసారి, 2017లో ఒకసారి లెక్కలు వచ్చాయి, వాటి మీద వాదన ఇంకా తెగలేదు.

అన్ని గడులూ పెన్నుతో నింపాను. గ్రహం గడిలో మాత్రం పెన్సిలుతో రాశాను.